రెండు లెక్కల ఇల్లు

రాయగడ బజారులో ఎర్రమ్మతో చింతపండు బేరమాడి గట్టెక్కినవాడు ఆ తర్వాత ఏ వర్తకుడికీ భయపడేవాడు కాదు. అంత గండం దాటాక ఇంకేం భయం. కొట్టు ముందు పీట వేసుకుని కూర్చుని, కొండల నుంచి కావళ్లతో దిగేవాళ్లతో దేశియాలో, ఆఫీసు గుమాస్తాలతో ఒడియాలో, లోపల కాటా దగ్గరున్న భర్త సోమేశ్వరరావుతో తెలుగులో, ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడేది. తిట్టవలసి వచ్చినప్పుడు మాత్రం ఎదుటివాడు ఎవరైనా సరే, తెలుగే. అరువు తెచ్చుకున్న భాషలో తిడితే కడుపు నిండదని ఆవిడ అభిప్రాయం.

పుట్టింది పాతపట్నం పక్కన ఒక పల్లెలో. పెళ్లయిన కొత్తలో గుణుపురం దాకా బుల్లి రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో ఘాటీ మలుపులన్నీ కక్కుకుంటూ రాయగడ చేరింది. అత్తవారింట్లో ఆవిడ నేర్చుకున్న మొదటి విద్య, ఒకేసారి రెండు నెలలు లెక్కపెట్టడం. మన నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా వాళ్ల నెల పున్నమితోనే ముగిసిపోతుంది. అందుకని పున్నమి నుంచి అమావాస్య దాకా, చీకటి పక్షం పొడుగునా, ఒకే వీధిలో రెండు నెలలు నడుస్తుంటాయి. మనకింకా కార్తీకం వెళ్లలేదు, వాళ్లకు మార్గశిరం వచ్చేసింది. అమావాస్య దాటి చందమామ ఎదగడం మొదలెట్టాక మళ్లీ అందరికీ ఒకటే నెల.

పక్కింటి కుంతి ఒడియా మనిషి. ఎర్రమ్మను నానీ అంటుంది, మనం అక్కా అన్నట్టు. మార్గశిర లక్ష్మివారాల నోము, అంటే ఆ నెల గురువారాల్లో చేసే లక్ష్మి పూజ, ఇద్దరికీ ఉంది. కుంతి కార్తీక పున్నమి దాటగానే గుమ్మంలో బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసేస్తుంది. ఎర్రమ్మ అమావాస్య వెళ్లేదాకా ఆగుతుంది. మీ లక్ష్మికి తొందరెక్కువని ఈవిడా, మీ లక్ష్మికి నిద్రెక్కువని ఆవిడా ఏటేటా అనుకోవడం, పిండివంటలు మాత్రం గోడ మీద నుంచి అటూ ఇటూ మారడం. ఎర్రమ్మ నోములో నైవేద్యాలకు వరస ఉంది. మొదటి వారం పులగం, రెండో వారం అట్లూ తిమ్మనం, మూడో వారం అప్పాలూ పరమాన్నం, ఆ తర్వాత చిత్రాన్నం గారెలు, ఆఖర్న పూర్ణం బూరెలు. ఆ వరస తప్పడమంటే ఎర్రమ్మ దృష్టిలో తూకంలో మోసం చేసినంత పని.

తొంభై ఎనిమిదిలో, కార్తీక పున్నమి వెళ్లిన నాలుగైదు రోజులకు, ఊళ్లో ఒక బడిలో శిబిరం పెట్టారు. విశాఖపట్నం వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ముట్లుడిగిన ఆడవాళ్లు వస్తే కొంచెం నెత్తురు తీసుకుంటాం, కొన్ని ప్రశ్నలు అడుగుతాం అని బజారంతా చెప్పించింది. ఆడవాళ్లు నవ్వుకున్నారు.

"ముప్పయ్యేళ్లు నెలనెలా పోయింది సాల్లేదేటి? ఆగిపోయిందని తెలిసి అడగడానికొచ్చీసేరు" అంది కొట్టు దగ్గర ఒకావిడ.

ఎర్రమ్మ కూడా నవ్వింది. కానీ ఆ ప్రశ్నలు దేని గురించని విచారిస్తే, మరపు జబ్బు గురించని తెలిసింది. ఆ మాట వినగానే పీట మీద నుంచి లేచింది.

ఆవిడ తల్లికి వచ్చింది అదే. పేరు తెలియదు గానీ అదే. మొదట పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. తర్వాత చంకలో చంటిపిల్లను పెట్టుకుని పిల్ల కోసం వీధంతా వెతికింది. అన్నిటికన్నా ముందు, ఇంకా ఎవరికీ ఏమీ కనపడని రోజుల్లో, "నాకేటో అవుతోంది" అని ఆవిడే చెప్పుకుంది. ఇంటిల్లిపాదీ "ఏటీ కాదు, వయసు" అన్నారు. రెండేళ్లు అలా అని అని, ఇక అనడానికి వీల్లేని స్థితి వచ్చాక, గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. కన్నకూతుర్ని పిన్నీ అని పిలుస్తూ పోయింది. తల్లి పోయినందుకు కన్నా, చెప్పుకున్నప్పుడు ఎవరూ వినలేదన్నందుకే ఎర్రమ్మకు ఎక్కువ బాధ. ఆ బాధ ఎన్నేళ్లయినా తగ్గలేదు.

శిబిరంలో డాక్టరమ్మ సహాయకుడు ఒక ఒడియా కుర్రవాడు. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు: చెంబు, నిమ్మకాయ, రైలు. రైలంటే గుణుపురం రైలేనా అని ఎర్రమ్మ ఒడియాలో ఆరా తీసింది. ఏదో ఒక రైలన్నాడు. ఇవాళ ఏ వారం, మనం ఏ ఊళ్లో ఉన్నాం, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత. వందలోంచి ఏడు తియ్యమని చింతపండు వర్తకురాల్ని అడగడమేమిటో, అతను ఆపమనేదాకా ఆవిడ తీసుకుంటూ పోయింది. ఆ తర్వాత ఇది ఏ నెల అన్నాడు. కార్తీకం అంది. అతను ఇంటూ గుర్తు పెట్టాడు.

ఎర్రమ్మకు చదువు రాకపోయినా ఇంటూ అంటే ఏమిటో తెలుసు. అంతే, ఒడియా వదిలి తెలుగులోకి వచ్చేసింది. గొడవ విని డాక్టరమ్మ లేచి వచ్చింది.

"మీ నెల మీకు, మా నెల మాకు. పున్నమెల్లి అయిదు రోజులైంది, మా అమావాస్య రానేదు. నాది తప్పయితే నాతోపాటు మా పంతులుగారికి కూడా ఇంటూ ఎట్టమను. ఆయనకీ మతిపోయిందని రాసుకుందురు" అంది ఎర్రమ్మ.

డాక్టరమ్మ నవ్వి, కుర్రవాడి చేత ఇంటూ కొట్టించి ఒప్పు పెట్టించింది. ఈ ఊళ్లో ఏ నెల చెప్పినా, రెండు లెక్కల్లో ఏదో ఒకటి కుదిరితే ఒప్పే అని తన వాళ్లందరికీ చెప్పింది. మర్యాద తెలిసిన మనిషి. ఎర్రమ్మ వెంటనే చల్లబడి, చెయ్యి చాపి నెత్తురు ఇచ్చింది. సీసా మీద చీటీ అంటించి మంచుపెట్టెలో పెడుతుంటే చూస్తూ అడిగింది.

"ఏటి తేలింది? మా అమ్మకొచ్చింది నాకొస్తాదా?"

"ఇందులో ఏముందో చదవడం ఇంకా ఎవరికీ రాదమ్మా" అంది డాక్టరమ్మ. "ఈ జబ్బు మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువగా కనిపిస్తోంది. ముట్లుడిగాక ఒంట్లో చాలా మారుతుంది కదా, దాని సంగతి ఏమైనా ఉందేమో చూడాలి. ఈ నెత్తురు గడ్డకట్టించి దాస్తాం. కొన్నేళ్లకోసారి వచ్చి మీ జ్ఞాపకం ఎలా ఉందో ఇలాగే అడుగుతాం. ఎవరికి బాగుంది, ఎవరికి తగ్గింది అనేది తెలిస్తే, అప్పుడు వెనక్కి వెళ్లి వాళ్ల నెత్తుట్లో ముందుగానే ఏదైనా తేడా ఉందేమో వెతుకుతాం. పదేళ్లు పట్టొచ్చు, ఇరవయ్యేళ్లూ పట్టొచ్చు."

"అప్పుడు నువ్వొచ్చి సెప్తే, ఇనడానికి నాకు బుర్రుండాల కదా."

మీకు కాకపోయినా మీ తర్వాతి వాళ్లకు పనికొస్తుంది అంది డాక్టరమ్మ. ఎర్రమ్మకు మనవరాలు బిందుశ్రీ గుర్తొచ్చింది. అప్పటికి రెండేళ్ల పిల్ల, ముక్కూ మొహం అచ్చం ఎర్రమ్మ తల్లి పోలిక. నెత్తురిచ్చిన చేతిని మడిచి పట్టుకుని ఇంటికొచ్చి, ఆ పిల్లను ఎత్తుకుని చాలాసేపు దింపలేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఈలోగా బుల్లి రైలు ఆగిపోయింది, పెద్ద పట్టాలు వేస్తామన్నారు. కొడుకు చిన్నబాబు జేకేపూర్ కాగితం మిల్లులో కుదురుకున్నాడు. కోడలు కల్యాణి, గుణుపురం నుంచి వచ్చిన పిల్ల, మెల్లగా కొట్టు పనీ అందుకుంది. ఎర్రమ్మకు అరవై దాటాయి. అప్పుడప్పుడు ఒక మాట నోటి దాకా వచ్చి ఆగేది. ఆగినప్పుడల్లా పక్క నుంచి కల్యాణి ఆ మాట అందించేది. గిన్నె కింద పడకముందే పట్టుకున్నట్టు, ఎవరూ గమనించకముందే అందించేది. అత్తమీద ప్రేమతోనే చేసేది.

ఇక ఆ ఇంట్లో సాకులకు కరువేముంది. దేశియా మాట్లాడే మనిషితో తెలుగులో బేరమాడితే, అలవాటు పొరపాటు. తెలిసిన వస్తువు పేరు మరిచిపోతే, మూడు భాషల్లో ఏ భాష మాట పైకి రావాలో తేలక. ఏకాదశి ఎప్పుడో వెళ్లిపోయాక ఉపవాసం కూర్చుంటే, ఒడియా లెక్క అయ్యుంటుంది. తిథులు ఎవరి లెక్కలోనైనా ఒకటేనని సోమేశ్వరరావుకు తెలియక కాదు. తెలియనట్టు ఉండటం ఆయనకు సుఖంగా ఉంది. ఒకే లెక్క ఉన్న ఇంట్లో అయితే తప్పు తప్పుగా కనిపించేది. ఇక్కడ ఏ తప్పుకైనా రెండో లెక్కలో చోటుండేది.

రెండువేల ఆరులో మార్గశిరం రెండో లక్ష్మివారం నాడు, అట్లపిండి రుబ్బవలసిన ఎర్రమ్మ బియ్యమూ పెసరపప్పూ కడిగి పులగానికి ఎసరు పెట్టింది. పులగం కిందటి వారమే అయిపోయింది. కల్యాణి చూసి, నోరెత్తకుండా తనే ఓ పక్కన అట్లు పోసి తిమ్మనం కాచింది. దేవుడి ముందు రెండూ పెట్టారు.

"అమ్మోరు ఈయేడు రెండింతలు తింటాది" అన్నాడు సోమేశ్వరరావు, నవ్వించాలని. ఎర్రమ్మ పులగం గిన్నె వైపూ, అట్ల వైపూ చూసింది.

ఆ మర్నాడే డాక్టరమ్మ మనుషులు మళ్లీ వచ్చారు, ఈసారి ఇళ్లకే. డాక్టరమ్మ బడి దగ్గర ఉండిపోయి ఒక అమ్మాయిని పంపింది. నెత్తురు తీయడం అయ్యాక, మూడు మాటలు చెప్పింది: గొడుగు, పాలు, తాళం. ఎర్రమ్మ పీట మీద కూర్చుంది. ఒక పక్క భర్త, ఒక పక్క కోడలు. మాటలు తిరిగి చెప్పమన్నప్పుడు గొడుగు అంది, ఆగింది. కల్యాణి పెదవులు కదిలాయి. పాలు అంది. సోమేశ్వరరావు జేబులోని తాళంచెవులు ఒకసారి గలగలలాడించాడు. తాళం అంది. ఆయన పరీక్ష హాల్లో చీటీ అందించిన వాడిలా గోడ వైపు చూశాడు.

ఏ నెల అని అడిగింది ఆ అమ్మాయి.

"కార్తీకం" అంది ఎర్రమ్మ.

అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. ఈ ఊళ్లో రెండు లెక్కలున్నాయనీ, తెలుగువాళ్లు వెనకటి నెల చెబితే ఒప్పేననీ ఆమెకు నేర్పి పంపారు. ఒప్పు పెట్టుకుంది. మీ అత్తగారి జ్ఞాపకం దివ్యంగా ఉందని కల్యాణితో చెప్పి వెళ్లిపోయింది. సోమేశ్వరరావు మనసు తేలికపడి కొట్టుకెళ్లి, వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పాడు.

సాయంత్రం ఎర్రమ్మ పెరట్లో ఆరబెట్టిన పసుపు కొమ్ములు ఎత్తుతోంది. ఇంకా పొద్దు వాలలేదు, అప్పుడే తూర్పున చందమామ లేచి ఉన్నాడు, ముప్పాతిక నిండి. ఎర్రమ్మ చేట పట్టుకుని అలా నిలబడిపోయింది. కొండల మనుషులతో వర్తకం చేసినావిడ, సంత రోజులు చందమామను చూసే చెప్పేది. పొద్దుండగానే లేచాడంటే ఎదుగుతున్న చందమామ. అంటే అమావాస్య వెళ్లిపోయింది. ఇది ఇంకా కార్తీకం ఎలా అవుతుంది? అసలు తను చెప్పింది కార్తీకమేనా?

"కల్యాణీ" అని పిలిచింది. కోడలు వచ్చింది. "పొద్దున్న ఆ పిల్లకి ఏ నెలని సెప్పేను?"

"కార్తీకమన్నావత్తా."

"సెందమామ ఎదుగుతున్నాడు కదే."

కల్యాణి కూడా తల ఎత్తి చూసింది. వెన్నెల పక్షంలో రెండు లెక్కలూ ఒకటే. ఇక్కడ దాక్కోవడానికి రెండో నెల లేదు. అది కల్యాణికి పొద్దున్నే తెలుసు, ఆ అమ్మాయి ఒప్పు పెడుతున్నప్పుడే తెలుసు.

"నిన్న పులగం సంగతీ సెప్పనేదు నువ్వు" అంది ఎర్రమ్మ. "నేను గిన్నె దించినాక సూసేను, నీ అట్లపెనం. అప్పుడు తెల్సింది. ఎవరూ ఒక్క మాటన్నేరు కాదు. అదుగో, మా అమ్మకి కూడా ఇలగే సేసేరు. ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా సేసేరో. నువ్వు సెప్పమ్మి. తప్పా, ఒప్పా?"

వయసత్తా, అందరికీ అవుతుంది అన్న మాట కల్యాణి నాలుక చివర ఉంది. అనేస్తే ఆ పూటకి ఇద్దరికీ హాయి. కానీ ఎర్రమ్మ ఆ మొహం వైపే చూస్తోంది. తల్లి కథ కల్యాణికి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఈ పెరట్లోనే చెప్పింది.

"తప్పత్తా" అంది. అన్నాక ఏడుపొచ్చింది.

ఎర్రమ్మ చేట కింద పెట్టింది. ఆవిడకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ అందులో సగం ఊరట. తల్లికి ఆఖరిదాకా దొరకని మాట తనకు దొరికింది. భయం మాత్రం భయంలాగే ఉంది. గట్టు మీద కూర్చుంది. కాసేపటికి తేరుకుని, వర్తకురాలి గొంతుతో మాట్లాడింది.

"నా నెత్తురు తీసికెళ్లేరు. నా నోరు బాగానే ఉందని రాసుకున్నారు. రేపు రెండూ పక్కన ఎట్టుకుని సూసినప్పుడు, ఇలగున్న నెత్తురు మంచిదే అనుకుంటారు. అదే పెట్టుకుని బిందుకి కూడా ఏటీ కాదని సెప్పీస్తారు. ఇది దొంగ తూకం. పద, రేపెల్లి సెప్పీసొద్దుం."

సోమేశ్వరరావుకు చెబితే కొట్టు నుంచి పరుగెత్తుకొచ్చాడు. పాసైన పరీక్షకు మళ్లీ వెళ్లి ఫెయిల్ చేయమనే మనిషిని ఎక్కడా చూడలేదన్నాడు. ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారన్నాడు. అరిచాడు, చివరకు బతిమాలాడు. ఆయన భయం వేరే. ఆ మాట ఒకసారి కాగితం మీదకెక్కితే నిజమైపోతుందని ఆయన బెంగ. ఎర్రమ్మ ఆయన పక్కన కూర్చుని, తాళంచెవుల జేబు మీద చెయ్యి వేసింది.

"మీరు గలగలలాడిస్తే రోజూ తాళం గుర్తొస్తాదేటండీ?" అంది. ఆయన తల దించుకున్నాడు.

మర్నాడు ఉదయం అత్తాకోడళ్లు బడికి వెళ్లారు. డాక్టరమ్మ జుట్టు చాలా నెరిసింది గానీ, నెల గురించి పోట్లాడిన ఎర్రమ్మను ఇట్టే గుర్తుపట్టింది. సంగతంతా విని, పక్కనున్న అమ్మాయి చేత కాగితం తీయించింది.

"సరేనమ్మా, మళ్లీ అడుగుతాను. ఇది ఏ నెల?"

"అడక్కండి" అంది ఎర్రమ్మ. "ఇయాల తెలుసు, ఈ పిల్ల సెప్పింది కాబట్టి. నిన్న తెలీదు. నిన్నటిదే రాయండి. నెల తప్పు. గొడుగొకటే నాది. పాలు దీనివి, తాళం మా ఇంటాయనది. ఆయేడు ఇంటూ ఎట్టినారని పోట్లాడేను. ఇప్పుడు నేనే అడుగుతున్నాను, ఎట్టండి."

డాక్టరమ్మ తనే కలం తీసుకుని మూడు ఇంటూలు పెట్టింది. ఇది ఆ జబ్బేనని ఇప్పుడే చెప్పలేననీ, మరపుకు వేరే కారణాలూ ఉంటాయనీ, థైరాయిడు తక్కువైనా, బలం తక్కువైనా ఇలా కావచ్చుననీ, అవి నెత్తుట్లో ఇవాళే తెలుస్తాయి కాబట్టి ముందు అవి చూపించుకోమనీ చెప్పింది. ఎర్రమ్మ అన్నిటికీ తలూపింది. దాచిన నెత్తురు సంగతి అడిగితే, ఇంకా చదవడం రాలేదమ్మా అంది డాక్టరమ్మ, ఎనిమిదేళ్ల కిందట చెప్పినంత నిజంగానే.

"వచ్చిననాడు నాతో సెప్పినా లాభం నేదు" అంది ఎర్రమ్మ. "దీంతో సెప్పండి. బిందు తల్లి ఇది."

డాక్టరమ్మ కలం మళ్లీ ఎత్తింది. "పేరు?"

ఎర్రమ్మ కోడలి వైపు తిరిగింది. నోరు తెరిచింది. నిన్న సాయంత్రం పెరట్లో పిలిచిన పేరే, పన్నెండేళ్లుగా రోజుకు ఇరవై సార్లు పిలిచిన పేరే. మాట రాలేదు. మొహం నిండా తెలుసుననే ఉంది, పేరొక్కటే లేదు.

కల్యాణి పెదవులు అలవాటు కొద్దీ కదలబోయాయి. బిగించి పట్టుకుంది. అమ్మాయి కల్యాణి వైపు చూసింది, డాక్టరమ్మ చూసింది. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నా కల్యాణి ఆ మూడక్షరాలూ అందించలేదు. అత్త చెయ్యి మాత్రం పట్టుకుంది.

ఎర్రమ్మ ఆ చేతి వైపు చూసి, మెల్లగా నవ్వింది.

"నా కోడలు" అంది. "అలగే రాయండి. నాకు నిజం సెప్పిన పిల్ల. పేరు అదే సెప్తాది, నా ఇంటూ ఎట్టేక."